నవమి నాటి వంద నిమిషాలు

మహర్నవమి నాడు ఉదయం తొమ్మిదీ ఇరవైరెండుకి పలాసలో తామాడ దమయంతి గోడకున్న ప్లగ్గు పీకింది. తొమ్మిదీ ముప్పై ఒకటికి మళ్ళీ పెట్టింది. పెట్టెలో ఫ్యాన్లు తిరిగాయి. తెర మీద ఏమీ రాలేదు. ఆమె భర్త సింహాచలం మంచం మీద కళ్ళు తెరుచుకునే ఉన్నాడు. పేరు పెట్టి పిలిస్తే తల తిప్పలేదు.

తొమ్మిదీ ముప్పై ఆరుకి ఆమె విశాఖపట్నంలోని ప్రయోగశాలకి ఫోన్ చేసింది. పండగ సెలవు కావడంతో అక్కడ ఇద్దరే ఉన్నారు. ఫోన్ ఎత్తింది పొట్నూరు సుభాషిణి. ఆ పెట్టెను కట్టిన ఇంజనీరు ఆమే.

"అమ్మా, పెట్టి లెగట్లేదు," అంది దమయంతి. "పూజ అయిపోనాది. బొట్టెట్టాను, దండేశాను, సిచ్చేశాను. లోపల గాలి తిరుగుతున్నాది. టీవీ నల్లగా ఉన్నాది."

"ఎన్నింటికి ఆపావక్కా? నిమిషంతో సహా చెప్పు."

"తొమ్మిదీ ఇరవైరెండు. పది నిమిషాలు దాటకూడదని నువ్వే అన్నావు గదా. గడియారం సూడకుండా పీకుతానా?"

సుభాషిణి గోడ మీది తెల్లబోర్డులో పదకొండూ రెండు అని రాసింది. అప్పుడు ఆమె దృష్టి ఆ చివరి మాట మీద పడింది.

"పీకడమేంటక్కా? స్విచ్ కదా ఆపమన్నాను."

"సిచ్చి ఆపేశాకే పీకాను. తడిగుడ్డతో తుడవాలంటే మెయిను తియ్యాలని మీ బావగారే సెప్పినారు. ఆయన బాయిలర్ కాడ అలాగే సేసేవోరు."

సింహాచలం జీడిపప్పు ఫ్యాక్టరీలో ఇరవైరెండేళ్ళు బాయిలర్ మేస్త్రీగా పనిచేశాడు. పదహారు నెలల కిందట మెదడులో నరం చిట్లింది. గడిచిన రోజును దాచుకునే చోటు, మాటను వెతికి తెచ్చే చోటు పాడయ్యాయి. మసిలామణి అనే డాక్టరు నడిపే ఈ ప్రయోగశాల అతని తలలోకి అరవై నాలుగు తీగలు దించి, వాటిని మంచం పక్కన పెట్టెకు కలిపింది. పాడైన చోటు చేయాల్సిన పని పెట్టె చేస్తుంది. పద్నాలుగు నెలలుగా అతను విన్నవీ, నేర్చుకున్నవీ పెట్టెలోనే పోగయ్యాయి. పెట్టెలో డిస్కు లేదు. ఒక మనిషి మనసు దొంగ ఎత్తుకుపోయే వస్తువులో ఉండకూడదని మసిలామణి పట్టుబట్టి తీయించాడు. రోజూ సాయంత్రం ఆ రోజు నకలు విశాఖలోని సర్వర్‌కి చేరుతుంది. పెట్టె లేచినప్పుడల్లా నెట్‌వర్కు మీదుగా నకలును తెప్పించుకుంటుంది.

పెట్టె ఆగితే తీగల చివరనున్న కణాలు కొంతసేపు ఎదురుచూస్తాయి. ఆ తర్వాత మూసుకుంటాయి. కోతుల్లో ఆ కొంతసేపు వంద నిమిషాలు; తెల్లబోర్డు మీది పదకొండూ రెండు ఆ లెక్కే. మనుషుల్లో ఎంతో ఎవరూ చూడలేదు.

పూజకు ఒప్పుకున్నది సుభాషిణే. ముందురోజు సింహాచలం స్వయంగా ఫోన్ చేశాడు. "బాయిలర్‌కి ఇరవైరెండు నవములు సెలవిచ్చాను. నన్ను బతికిస్తున్నదానికి బొట్టెట్టకపోతే ఎలాగమ్మా? పనిముట్టే కదా అది కూడా," అన్నాడు. ఆమె నవ్వింది. ఆ పెట్టెను అప్పటికి పదకొండుసార్లు ఆపి లేపారు, ప్రతిసారీ ఆరు నిమిషాల్లో లేచింది. పది నిమిషాలు మించకుండా చూడమని చెప్పింది. పదకొండుసార్లలో ఒక్కసారైనా గోడ ప్లగ్గు తీయలేదన్న సంగతి ఆమెకు అప్పుడు గుర్తులేదు.

"అక్కా, ఒకసారి స్విచ్ ఆపి వెయ్. ఫోను పెట్టె పక్కన పెట్టు. కూత వినబడుతుంది. ఎన్ని కూతలో చెప్పు."

మిషను లేవగానే తన ఒళ్ళు తాను తడుముకుంటుంది. ఆ పని చేసే చిన్న ప్రోగ్రామును బయాస్ అంటారు. బొమ్మ చూపించే కార్డు దొరక్కపోతే ఒక పొడుగు కూత, మూడు పొట్టి కూతలు కూస్తుంది. తడిగుడ్డ వల్ల కార్డు కదిలిందని సుభాషిణి అనుకుంది.

"ఒకటే కూసింది," అంది దమయంతి.

"పొడుగా, పొట్టా?"

"పిచ్చిక కూసినట్టు కూసి ఊరుకుంది."

ఒక పొట్టి కూత అంటే అంతా బాగుందని అర్థం. బొమ్మ కూడా చూపిస్తున్నానని మిషను అంటోంది. సుభాషిణి సర్వర్ తెర వైపు చూసింది. పలాస నుంచి ఏ పిలుపూ రాలేదు. పెట్టె నెట్‌వర్కును అడగనే లేదు.

బొమ్మ రావడం లేదు, నెట్‌వర్కు అడగడం లేదు. రెండు జబ్బులకు ఒకటే కారణం ఉండాలి. పెట్టెలోని సర్క్యూట్ బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. కరెంటు పోయినప్పుడు బయాస్‌లో మనం పెట్టిన అమరికల్ని అది కాపాడుతుంది. గోడ ప్లగ్గు ఉన్నంతకాలం దానికి పని లేదు, అది చచ్చిపోయినా బయటికి తెలియదు. ప్లగ్గు తీసిన తొమ్మిది నిమిషాల్లో అమరికలన్నీ పోయాయి. బొమ్మ ఇప్పుడు పెట్టె వెనక వేరే కన్నంలోకి వెళ్తోంది. ఆ కన్నానికి సరిపడే వైరు పలాసలో లేదు. ఆ కన్నాన్ని ప్రయోగశాలే రేకుతో మూసింది.

బిళ్ల మార్చాల్సిన తేదీ దాటి నాలుగు నెలలైంది. ఆ జాబితా సుభాషిణి దగ్గరే ఉంది.

తొమ్మిదీ యాభైకి ఆమె అలాంటి పెట్టెనే స్టోరులోంచి తెచ్చి బల్ల మీద పెట్టింది. దాని బిళ్ల పీకింది. ఇప్పుడు రెండు పెట్టెల్లోనూ అమరికలు లేవు. తేడా ఒక్కటే, ఈ పెట్టె బొమ్మ తెర మీద కనబడుతుంది.

డాక్టర్ మసిలామణి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆయనకి అరవై ఒక్కేళ్ళు. "కారులో వెళ్తే?" అన్నాడు.

"రెండు వందల కిలోమీటర్లు సార్."



"అక్కా," అంది సుభాషిణి ఫోనులో, "నేను ఇక్కడ కీబోర్డు మీద ఏ మీట నొక్కితే, నీ పెట్టె కీబోర్డు మీద నువ్వూ అదే నొక్కాలి. నాకు తెర కనబడుతుంది, నీకు కనబడదు. నీ చేతుల్తో నేను నొక్కుతున్నాననుకో."

"నా సేతులు జీడి పిక్కలు ఒలిసిన సేతులమ్మా. నూనె తిని మొద్దుబారినాయి. నొక్కినానో నేదో నాకే తెల్దు."

"టక్కుమన్న చప్పుడు వినబడితే నొక్కినట్టే."

ముందు బొమ్మ సరిచేయాలా, నెట్‌వర్కు సరిచేయాలా అన్నది ఒక నిమిషం ఆలోచించింది. బొమ్మ సరిచేస్తే ఆ తర్వాత పనంతా కళ్ళతో చేయొచ్చు. కానీ ఒక రీస్టార్టు ఎక్కువ. ఆ బోర్డుకి ఒక్కో రీస్టార్టుకి నాలుగు నిమిషాలు పడుతుంది. నెట్‌వర్కే ముందని తేల్చుకుంది. ఆ నిర్ణయం తనదేనని తర్వాత రిపోర్టులో రాసింది.

"స్విచ్ ఆపి వెయ్. కూత రాగానే ఎడమ బాణానికి పైనున్న మీట నొక్కుతూ ఉండు. ఇప్పుడు కుడి బాణం ఒకసారి."

"నొక్కాను."

"కింది బాణం అయిదు. లెక్కపెట్టు."

"ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదు."

"ఎంటర్. కింది బాణం ఒకటి. ఎంటర్. ఇప్పుడు పై వరసలో పదో మీట. మళ్ళీ ఎంటర్."

పెట్టె మళ్ళీ మొదలై కూసింది. ఇద్దరూ నాలుగు నిమిషాలు ఎదురుచూశారు. ఫోనులో గడియారం చప్పుడు వినబడింది. సర్వర్ తెర మీద ఏమీ రాలేదు. పదీ పన్నెండైంది.

"ఏటైనా వొచ్చిందా?"

"లేదక్కా. మళ్ళీ చేద్దాం."

"ఏటి సేస్తే ఏటవుతున్నాదో సెప్పవు. మీ బావగారి నోట్లోంచి సొంగ కారతన్నాది. నేనెవరినో తెల్దు ఆయనకి. పొద్దున్న నా కొంగట్టుకుని నవ్వినాడు."

సుభాషిణి అవే మీటలు రెండోసారి చెప్పింది. పదీ ఇరవై మూడు. సర్వర్‌లో ఏమీ లేదు.

"పిల్లా, నువ్వు నిజంగా ఇంజనీరువేనా?" అంది దమయంతి. వెంటనే ఏడ్చింది. "కోపగించుకోకు. ఈ గాలి హోరుకి నా బుర్ర పనిసెయ్యట్లేదు."

"ఏం గాలి?"

"పెట్టిలో గాలమ్మా. ఇందాక నువ్వు మీటలు నొక్కించినకాడి నుంచి తుపాను గాలిలాగుంది."

సుభాషిణి తన ముందున్న తెర వైపు చూసింది. నెట్‌వర్కు అనే వరస కింద ఉన్నది ఫ్యాన్ల వరస. దమయంతి నొక్కిన మీట ఫ్యాన్లను పెంచింది. అంటే ఆమె ఒక వరస కిందికి దిగింది. బల్ల మీదున్న పెట్టెలో బయాస్ కొత్తది, కిందటి నెల వేసింది. కొత్తదానిలో ఒక వరస ఎక్కువుంది. పలాస పెట్టెలో పాతదే ఉంది.

"అక్కా, నువ్వు చెప్పిన గాలే పనికొచ్చింది. ఈసారి కింది బాణం నాలుగే."

పదీ ముప్పై అయిదుకి సర్వర్ తెర మీద ఒక పంక్తి పడింది. పలాస పెట్టె తన నంబరు చెప్పి చిరునామా అడిగింది. సర్వర్ చిరునామా ఇచ్చింది. పెట్టె నకలు అడిగింది. సర్వర్ నిరాకరించింది. ఈ తేదీకి ఈ మనిషి నకలు లేదు అని రాసింది.

మసిలామణి ముందుకొచ్చి చదివాడు. "ఏ తేదీ?"

"బోర్డు పుట్టిన తేదీ సార్. బిళ్లతో పాటు గడియారం కూడా పోయింది. తొమ్మిదేళ్ళ వెనక ఉంది."

పెట్టె గడియారంలో ఏ తేదీ ఉంటే ఆ తేదీ నకలే సర్వర్ ఇస్తుంది. కోతుల్ని కిందటి వారం నకలుతో లేపి చూసిన రోజుల్లో రాసిన నియమం అది. మనుషుల దగ్గరికొచ్చాక దాన్ని తీసేయాలని ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు తీయాలంటే రెండు తాళంచెవులు కావాలి. ఒకటి మసిలామణి దగ్గరుంది. రెండోది ఇలాంటి ప్రయోగాలకు అనుమతిచ్చే నైతిక సంఘం కార్యదర్శిది. ఆయన కుటుంబంతో అరకు వెళ్ళాడు. మసిలామణి అయిదుసార్లు ఫోన్ చేశాడు. అందుబాటులో లేదని వచ్చింది.

"అక్కా, ఇంకొక్క పని. తేదీ మార్చాలి. ప్లస్ గుర్తున్న మీట చూశావా? ఆ చివర, పెద్దది."

"సూశాను."

నెల సరిగ్గా పడింది. రోజు సరిగ్గా పడింది. ఏడాది దగ్గరికొచ్చారు.

"ప్లస్ తొమ్మిదిసార్లు. మెల్లగా."

"ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు..." ఫోనులో మంచం కిర్రుమంది. సింహాచలానికి పొలమారింది. "ఉండమ్మా," అంది దమయంతి. స్టూలు జరిగిన చప్పుడైంది. తుండుగుడ్డతో తుడుస్తూ ఆమె ఏదో అనడం వినబడింది. స్టూలు మళ్ళీ జరిగింది. "ఏడు. ఎనిమిది. తొమ్మిది."

ఆరో టక్కు తాను విన్నదో లేదో సుభాషిణికి గుర్తు రాలేదు. అడగాలనుకుంది. టైము పదీ నలభై ఆరు.

"పదో మీట. ఎంటర్," అంది.

పదీ యాభై ఒకటికి సర్వర్ ఒప్పుకుంది. నకలు బయల్దేరింది. మసిలామణి కుర్చీలో కూలబడ్డాడు. సుభాషిణి నకలు పేరు చదివింది. నెల ఇదే, రోజు ఇదే. ఏడాది కిందటిది.

"సార్."

ఆయన లేచి చూశాడు. "ఆపి మళ్ళీ మొదలెడితే ఎంత?"

"రెండు రీస్టార్టులు ఎనిమిది నిమిషాలు. మీటలకి మూడు. నకలు దిగడానికి తొమ్మిది. పదకొండూ పన్నెండు అవుతుంది."

"వదిలేస్తే?"

"పదకొండుకల్లా దిగుతుంది."

"కోతుల్లో వంద దాటింది ఒక్కటీ లేదు సుభా. మనిషి సంగతి నాకు తెలీదు. తెలిసినట్టు చెప్పలేను."

ఆమె ఫోను దగ్గరికి తీసుకుంది. "అక్కా, విను. బావగారు వస్తున్నారు. కానీ వచ్చేది కిందటేడు ఇదే రోజు మనిషి. ఈ పన్నెండు నెలలు ఆయనకు ఉండవు. నువ్వు కాదంటే ఇప్పుడే ఆపి సరైన మనిషిని పిలుస్తాను. అప్పుడు టైము దాటిపోతుంది. అసలెవరూ రాకపోవచ్చు."

సర్వర్ తెర మీద ఆరు శాతం పడింది.

"ఒక నిమిషంలో చెప్పాలక్కా."

"కిందటేటికి మా అత్త బతికే ఉంది," అంది దమయంతి. "మాఘమాసంలో పోనాది. కొడుకు మంచం దిగలేడని ఆ మంచం పక్కనే దింపి సూపించి తీసుకెల్లినారు. మూడ్రోజులు ఏడ్సినాడు. అదంతా ఉండదా?"

"ఉండదు."

"కిందటేటికి మాటలెన్ని వొచ్చు ఆయనకి?"

"నలభై."

"ఇప్పుడు నా మీద పాటలు కడతన్నాడు."

"తెలుసక్కా."

సర్వర్‌లో పదమూడు శాతం దిగింది. పద్నాలుగు.

"ఒచ్చినోణ్ని రానీ," అంది దమయంతి. "తలుపు కాడికొచ్చినోణ్ని ఎనక్కి పంపలేను."

పదకొండు గంటలకు నకలు దిగడం పూర్తయింది. పదకొండూ ఒకటికి పెట్టె తీగల్లోకి మొదటి సంకేతం పంపింది. తీగలు అరవై నాలుగు. బదులిచ్చినవి ఇరవై మూడు. పదకొండూ తొమ్మిదికి ఫోనులో మగగొంతు వినబడింది.

"దమ్మీ."

"ఇక్కడే ఉన్నాను."

"అమ్మ... బువ్వ... తిందా?"

సుభాషిణి చేతిలో ఫోను ఉంది. అటు స్టూలు మంచం దగ్గరికి జరిగిన చప్పుడైంది.

"తింది," అంది. "నువ్వు తిను."

మూడు వారాల తర్వాత సుభాషిణి పొద్దున్న రైలులో పలాస వెళ్ళింది. సంచిలో ఒక కాగితం ఉంది. పెట్టెను మరోసారి ఆపి, నవమి ముందురోజు నకలును ఎక్కించడానికి అనుమతి అది. మిగిలిన ఇరవై మూడు తీగల్లో ఎన్ని నిలుస్తాయో చెప్పలేమని అందులో మసిలామణి రాశాడు. భార్యాభర్తలిద్దరూ సంతకం పెట్టాలి.

దమయంతి ఆమెకు వీధి గదిలో కుర్చీ వేసింది. జీడిపప్పు పలుకులు వేసిన ఉప్మా పెట్టింది. "తిను ముందు. రైల్లో ఏటీ తినుండవు," అంది. కాగితం గురించి విని, చదివించుకుంది.

"ఇది పెడితే ఇప్పుడున్నోడు ఏటవుతాడు?"

"ఈ మూడు వారాలూ పోతాయక్కా. పన్నెండు నెలలు తిరిగొస్తాయి. తీగలు నిలిస్తే."

"నిలవకపోతే రెండూ పోతాయి."

"అవును."

"అత్త సంగతి సెప్పీశాను," అంది దమయంతి. "ఎన్నాళ్ళు తింది, పడుకుంది అని సెప్పను? మొన్న సెప్పీశాను. మల్లా మూడ్రోజులు ఏడ్సినాడు. ఒకే సావుకి ఒక మనిషిని రెండుసార్లు ఏడిపించినాను."

సుభాషిణి పళ్ళెం కింద పెట్టింది. "జాబితా నా దగ్గరే ఉందక్కా. ఆ బిళ్ల నేను మార్చాల్సింది."

"తెలుసు. డాక్టరుగారు సెప్పినారు. నీ మీద అరవాలని నాలుగు దినాలు అనుకున్నాను. ఓపిక నేకపోనాది."

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. సింహాచలం దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. ఈ మూడు వారాల్లో అతనికి మాటలు నూరు దాటాయి. సుభాషిణిని గుర్తుపట్టాడు. ఏడాది కిందటికే ఆమె అతనికి తెలుసు. దమయంతి మంచం అంచున కూర్చుని జరిగింది చెప్పింది. పూజ, ప్లగ్గు, బిళ్ల, ఏడాది. పాటల సంగతి కూడా చెప్పింది. చెప్పడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అతను పెట్టె వైపు చూసి, తర్వాత ఆమె వైపు చూశాడు.

"అంటే... ఇంకోడు... ఉన్నాడా?"

"ఉన్నాడు. ఇశాపట్నంలో."

"ఆడు... నానే కదా?"

"నువ్వే."

అతను మళ్ళీ పెట్టె వైపు చూశాడు.

"నిన్ను... బాగా... సూసుకున్నాడా?"

"సూసుకున్నాడు," అంది దమయంతి.

అతను చెయ్యి చాపితే సుభాషిణి కాగితం ఇచ్చింది. అతను పట్టుకుని చూశాడు. ఆ తర్వాత భార్యకిచ్చాడు. దమయంతి దాన్ని మడతపెట్టి సుభాషిణి చేతిలో పెట్టింది.

సుభాషిణి నాలుగూ పదికి విశాఖ రైలెక్కింది. కాగితం మీద సంతకాలు లేవు.